అవతలివాళ్ళ వంతు

"ఇంకా బతికే ఉన్నావా, రాక్షసీ?"

ఫోనుకు ఆ మాట పంపినవాడిది పోర్తు అలెగ్రి. దేశానికి ఆ చివర. లిండాల్వా ఆ ఊరి మొహం ఎన్నడూ చూడలేదు. అతను మాత్రం పొద్దుటి నుంచి ఈమె మొహం చూస్తూనే ఉన్నట్టున్నాడు.

ఆమె పడవ అడుగున చేరిన వాన నీళ్ళను డొప్పతో తోడిపోస్తోంది. ఫోను మళ్ళీ వణికింది. వెంటనే ఇంకోసారి. విసుగొచ్చి దాన్ని కర్రపెండలం రవ్వ డబ్బాలోకి విసిరేసింది. రవ్వలో కూరుకుపోయి కూడా అది గొణుగుతూనే ఉంది.

"అక్కా!" రేవు మెట్ల మీంచి జుకా అరిచాడు. ఆకుపచ్చ జట్టులో పెద్ద డోలు అతనిదే. పాతికేళ్ళవాడు, కోపం ముక్కు మీదే ఉంటుంది. "తాయినారా పోయిందట! పొద్దున్నే పోయిందట! గ్రూపుల్నిండా అదే!"

లిండాల్వా చేతిలోంచి డొప్ప జారిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"అందరూ."

"అందరూ అంటే ఎవర్రా? ఆసుపత్రిలోంచి ఎవరు చెప్పారు?"

జుకా నీళ్ళు నమిలాడు. "ఆసుపత్రిలోంచి ఎవరూ చెప్పలా. కానీ కొవ్వొత్తి బొమ్మ పెట్టారు. పన్నెండు వేలమంది ఏడ్చారు."

తాయినారాకు పందొమ్మిదేళ్ళు. జ్ఞానస్నానం నాడు జ్ఞానమ్మగా ఆ పిల్లను చేతుల్లో ఎత్తుకున్నది లిండాల్వాయే. ఆ రోజు నుంచి పిల్ల తల్లి జెనిల్డా, తనూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు. "కొమాద్రి" అంటే "కొమాద్రి" అనే. అక్కాచెల్లెళ్ళ కంటే దగ్గరి వరస అది. జెనిల్డా ఎర్ర ఎద్దు మనిషి, తను ఆకుపచ్చ ఎద్దు మనిషి. ఏడాది పొడుగునా అది అడ్డు కాలేదు.

సాంతా ఎఫిజేనియాలో జూన్ నెలాఖరు మూడు రాత్రులు మాత్రం మనుషులు రెండే రకాలు. వలెంచి అనే ఆకుపచ్చ ఎద్దువాళ్ళు, మిమోజు అనే ఎర్ర ఎద్దువాళ్ళు. గుడ్డా పుల్లలతో కట్టిన ఎద్దు లోపల మనిషి దూరి ఆడతాడు. చుట్టూ డోళ్ళు, పాటలు, మేడంత ఎత్తు శకటాలు. గోదాకు ఒక పక్క ఆకుపచ్చ జనం, ఎదురుగా ఎర్ర జనం. రెండో ఎద్దు పేరు ఎవరూ నోటితో పలకరు. "అవతలివాళ్ళు" అంటారు, అంతే. ఒకరి వంతు నడుస్తున్నంతసేపూ రెండోవాళ్ళు చీకట్లో నోరు మూసుకుని కూర్చోవాలి. ఈల వేసినా, దీపం వెలిగించినా జడ్జీలు మార్కులు కోస్తారు. ఇక్కడి పిల్లలకు నడక రాకముందే ఆ మౌనం వస్తుంది.

ఆకుపచ్చ జనం చేత అరిపించేది, నోరు మూయించేది లిండాల్వాయే. ఏడాదంతా రేవు దాటించే పడవ నడుపుకునే ఆవిడ, ఆ మూడు రాత్రులూ గోదా ముందు చెక్క దిమ్మె ఎక్కి వేలమంది గొంతుల్ని చేత్తో నడుపుతుంది. రెండు చేతులూ పైకెత్తితే హోరు. అరచెయ్యి కిందికి నొక్కితే చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం.

నిన్న రాత్రి ఎర్రవాళ్ళ వంతు. పెద్ద గద్ద శకటం. దాని రెక్క కొసన తాయినారా నాట్యం. రెక్క ఫట్‌మని విరిగింది. పిల్ల తలకిందులుగా పడింది.

ఆకుపచ్చ జనంలోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. ముందు వరసలో ముగ్గురు కుర్రాళ్ళు మాత్రం లేవబోయారు. లిండాల్వా అరచెయ్యి దానంతటదే కిందికి పోయింది. వాళ్ళు కూర్చున్నారు. నాలుగు ఊపిరులు తీసేంత సేపు. ఆ తర్వాతే తను చూసింది ఏమిటో అర్థమై, దిమ్మె మీంచి దూకి పిల్ల వైపు పరుగెత్తింది.

ఫోన్లలో తిరుగుతున్న వీడియోలో ఆ పరుగు లేదు. చెయ్యి కిందికి పోవడంతో ఆగిపోయింది. అక్కడ కత్తిరించింది వెండెల్. ఎర్ర పేటలో మంగలి కొడుకు, మనౌస్ వెళ్ళి లైవులు పెట్టి బతుకుతున్నాడు, పండక్కి ఊరొచ్చాడు. కింద ఒక్క వాక్యం రాశాడు: "పిల్ల చస్తుంటే కూర్చుని చూశారు. కదలొద్దని చెప్పింది ఎవరో చూడండి." మధ్యాహ్నానికి దేశమంతా చూసింది. రెక్క తాడు ఆకుపచ్చవాళ్ళే కోశారని ఎవరో అన్నారు. ఇంకెవరో లిండాల్వా పడవ ఫొటో పెట్టారు, రేవు పేరుతో సహా.

"బయటవాళ్ళకైతే మన పద్ధతి తెలీదు," అంది లిండాల్వా. "ఎర్రవాళ్ళకు తెలీదా? మన వంతప్పుడు వాళ్ళూ అలాగే కూర్చోరూ?"

"తెలుసక్కా. కానీ పొద్దున్నించి ఫోన్లో చూసి చూసి వాళ్ళకీ అలాగే కనపడుతోంది." జుకా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "సాయంత్రం లోపు రెండు రంగుల హద్దు స్తంభం దాటి మన పేటలోకి వస్తారట. వెండెల్ లైవు పెట్టి మరీ తెస్తున్నాడు. రానీ. మేమూ సీసాలు నింపాం."

"ఏం సీసాలు?"

అతను చెప్పలేదు. అక్కర్లేదు కూడా. అతని చేతుల దగ్గర పెట్రోలు వాసన గుప్పుమంటోంది.

లిండాల్వా రవ్వలో చెయ్యి పెట్టి ఫోను తీసింది. జెనిల్డాకు చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. అదే. ముక్కూమొహం తెలియని మనుషులు వేలమంది పిల్ల చచ్చిందంటున్నారు. బతికుందో లేదో చెప్పగల ఒక్క మనిషి ఫోను మోగడం లేదు.

ఆ క్షణంలోనే ఒజీయాస్ ఫోను వచ్చింది. ఆమె మొగుడు. పుట్టుక ఎర్ర ఎద్దు. ఏటా జూన్‌లో మూడు రాత్రులు తల్లి ఇంటికి పోతాడు. పోకపోతే ఆ మూడు రాత్రుల్లోనే కాపురం కూలిపోతుందని ఊరంతా నవ్వుతుంది. ఎర్ర శకటాల వెల్డింగ్ పని అతనిదే.

"లిండా, ఇంట్లోంచి కదలకు."

"నేనింట్లో లేను. తాయినారా బతికుందా?"

"నాకు తెలీదే. ఆసుపత్రి గేటు ముందంతా మావాళ్ళే. ఎవర్నీ లోపలికి పోనివ్వట్లా."

"నీళ్ళ వైపు గేటుంది కదా. మీ అమ్మ ఇంటి వెనక నిలబడు. వస్తున్నా."

"నీకేమన్నా పిచ్చా? నిన్ను చూశారంటే నరికి..."

ఆమె ఫోను కట్టేసి జుకా వైపు తిరిగింది. "నేనొచ్చేదాకా ఒక్క సీసా అంటుకోకూడదు. అంటుకుందా, జన్మలో నిన్ను డోలు ముట్టనివ్వను."

"నువ్వు రాకపోతే?"

"రాకపోతే నీ ఇష్టం," అని మోటారు తాడు లాగింది.

వరద నెల. నది ఊళ్ళోకి వచ్చి కూర్చుంది. ఎర్ర పేటలో గుంజల మీద కట్టిన ఇళ్ళ కిందంతా గోధుమరంగు నీళ్ళే. లిండాల్వా మోటారు ఆపి, నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని, గడకర్రతో పడవను గుంజల మధ్యకు తోసింది. తలపైనే ఇళ్ళ చెక్క నేల. ఆ పలకల సందుల్లోంచి ఫోన్ల మోత. ఒక ఇంట్లో తన పేరు. పక్క ఇంట్లో మళ్ళీ తన పేరు. ఆ పక్క ఇంట్లో రెక్క విరిగిన ఫట్, ఆ తర్వాత మౌనం, మళ్ళీ ఫట్. ఊరంతా ఒకే క్షణాన్ని నమిలి నమిలి ఉమ్మేసి మళ్ళీ నోట్లో వేసుకుంటోంది.

ఒక కిటికీ తెరుచుకుంది. రోజూ ఆమె పడవలోనే రేవు దాటే చేపలాయన. చేతిలో ఫోను. ఫోన్లో మొహం చూశాడు, కింద మొహం చూశాడు. మళ్ళీ ఫోను. అతని నోరు తెరుచుకుంది.

లిండాల్వా గడకర్ర ఆపింది. ఆయన ఒక్క కేక వేస్తే చాలు.

ఆయన కేక వేయలేదు. కిటికీ మూసుకున్నాడు.

అత్తగారింటి వెనక మెట్ల మీద ఒజీయాస్ మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. పైన గుమ్మంలో అతని తల్లి. అందరూ మర్యాదగా దోనా ఫ్లోరిపెస్ అంటారు. ఎనభై దాటిన మనిషి, తలకు ఎర్ర రుమాలు.

"జూన్‌లో ఈవిడ నా మెట్టెక్కకూడదని చెప్పానా లేదా?" అంది ముసలావిడ.

"ఎక్కట్లేదు లెండి, అత్తయ్యా. నీళ్ళలోనే ఉన్నా."

"నీళ్ళూ మావే." అంటూనే ఒక ఎర్ర చొక్కా కిందికి విసిరింది. "తొడుక్కో. లేకపోతే చంపేస్తారు."

లిండాల్వా దాన్ని చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంది. "చంపితే చంపనీ. ఇది తొడుక్కుని చస్తే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."

"దీని పొగరు చూడరా!" అంది ముసలావిడ కొడుకుతో. కానీ ఆ గొంతులో తిట్టు కంటే భయమే ఎక్కువ.

ఒజీయాస్ పడవ ఎక్కి గడకర్ర అందుకున్నాడు. కాస్త దూరం పోయాక తోయడం ఆపేశాడు. వెన్ను ఆమె వైపు పెట్టి నిలబడ్డాడు.

"లిండా. తాడు ఎవరూ కోయలా."

"నాకు తెలీదూ?"

"నీకు తెలీదు. ఆ రెక్క అతుకు నాది. వాన పడుతుంటే పట్టా కప్పుకుని వేశా. రెండోసారి చూసుకోవాలి. చూసుకోలా. పొద్దున వెళ్ళి చూశా. అతుకు దగ్గరే విడిపోయింది."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎలా చెప్పను?" అతను తిరిగాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఇప్పుడు రెక్క విరగ్గొట్టింది ఎవరంటే, ఆకుపచ్చ నాయకురాలి మొగుడు! వాళ్ళు పొద్దున్నించి అల్లుతున్న కథకు ఇదొక్కటే తక్కువ. నిజం చెబితే అబద్ధానికి సాక్ష్యం నేనే అవుతా."

అది నిజమే. ఆ ఒక్క ముక్క ఫోన్లో పడితే, రాత్రికి ఈ ఊళ్ళో ఇల్లు మిగలదు.

"ముందు పిల్ల," అంది. "తొయ్."

ఆసుపత్రి నీళ్ళ గేటు దగ్గర కాపలావాడు వాళ్ళని చూసి బిగుసుకుపోయాడు. ఒక్క క్షణం. తర్వాత గొళ్ళెం తీశాడు. అతని బల్ల మీద ఒక ఫోను బోర్లా పడి ఉంది.

"ఇది దోనా జెనిల్డాది," అన్నాడు. "నాకిచ్చి దాచమంది. బతికున్న కూతురికి సంతాపాలు చదవలేక."

బతికున్న. లిండాల్వా గోడ పట్టుకుంది.

నడవా చివర బల్ల మీద జెనిల్డా కూర్చుని ఉంది. ఎర్ర జట్టు బట్టలన్నీ కుట్టేది ఆమే. వేళ్ళ సందుల్లో ఇంకా మెరుపు పొడి అంటుకునే ఉంది. లిండాల్వాను చూసి లేవలేదు.

"తొడ ఎముక విరిగింది. పక్కటెముకలు రెండు. ఆపరేషను అయింది, నిద్రపోతోంది," అంది పొడిగా. "మెలకువ రాగానే మొదట ఏమడిగిందో తెలుసా? మార్కులెన్ని కోశారని."

లిండాల్వా నవ్వబోయి ఏడ్చింది. దగ్గరకు పోబోయింది.

"అక్కడే ఉండు, కొమాద్రి."

ఆమె ఆగిపోయింది.

"తాడు కోశారన్నది నేను నమ్మలా. మీరు కూర్చుని ఆనందించారన్నదీ నమ్మలా. మీ పక్క ఒక్క కూత వినపడినా ఎగతాళి అనుకునేదాన్ని. మీరు నోరు మూసుకున్నారు, మంచిదే. కానీ నేను గోదాలోనే ఉన్నా. ముగ్గురు లేచారు నా బిడ్డ కోసం. నీ చెయ్యి కిందికి పోయింది. అది నేను ఫోన్లో చూడలా. ఈ కళ్ళతో చూశా."

వెయ్యిమంది రాక్షసీ అన్నప్పుడు కలగని నొప్పి ఇప్పుడు కలిగింది. లిండాల్వా తల వంచుకుంది.

"పోయింది, కొమాద్రి. మార్కుల కోసమే పోయింది. నాలుగు ఊపిరులు. ఏదో సర్ది చెప్పడానికి రాలేదు నేను."

జెనిల్డా ఆమెను చాలాసేపు చూసింది.

ఒజీయాస్ ముందుకొచ్చాడు. టోపీ చేతుల్లో నలుగుతోంది. తడబడుతూనే అతుకు సంగతి మొత్తం చెప్పాడు. జెనిల్డా కళ్ళు మూసుకుంది. తెరిచినప్పుడు, "నువ్వు ఏడాదికొకసారి నా కుట్టుమిషను బాగుచేస్తావు, ఒజీయాస్," అంది. "అప్పుడు కూడా రెండోసారి చూసుకోవు. ఎన్నిసార్లు చెప్పాను?"

అప్పుడే బయట గేటు వైపు నుంచి హోరు లేచింది. వందల గొంతులు. కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు.

"కదిలారు! స్తంభం వైపు పోతున్నారు. తాయినారాకు న్యాయం అని అరుస్తూ!"

"ఎవరి పేరు?" జెనిల్డా లేచి నిలబడింది. "నా బిడ్డ పేరా? బతికున్న పిల్ల పేరు మీద చంపుకుంటారా?" అని గది గుమ్మంలో ఉన్న నర్సు వైపు తిరిగింది. "అమ్మా, దాని చెయ్యి వదలకు. ఇప్పుడే వస్తా."

వీధి చివర వరదలో మునిగి ఉంది. నీళ్ళు సరిగ్గా స్తంభం దగ్గర ఆగాయి. సగం ఆకుపచ్చ, సగం ఎరుపు పూసిన ఇనప స్తంభం. పడవ అక్కడికి చేరేసరికి రెండు జనాలూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఇటు జుకా, రాత్రి ఆటకని డోళ్ళు తగిలించుకున్న పాతిక మంది కుర్రాళ్ళు, వాళ్ళ వెనక పేట మొత్తం. ఏ చేతిలో చూసినా సీసా, కర్ర. అటు ఎర్ర చొక్కాల గోడ. కొడవళ్ళు కూడా కనపడుతున్నాయి. ముందు వెండెల్, కర్రకు బిగించిన ఫోను నెత్తిన ఎత్తి, గొంతు చించుకుంటున్నాడు. గుంపు వెనక నుంచి దోనా ఫ్లోరిపెస్ చేతికర్ర ఊపుకుంటూ ముందుకు తోసుకొస్తోంది. ఎవరిని ఆపడానికో, ఎవరిని కొట్టడానికో చెప్పడం కష్టం.

జుకా లైటరు వెలిగించాడు.

లిండాల్వా పడవ బల్ల మీదికెక్కింది. అరచెయ్యి కిందికి నొక్కింది.

ఆకుపచ్చ జనం టక్కున ఆగింది. జుకా పళ్ళు బిగించాడు, కానీ లైటరు ఆరింది. ఇటు పక్క ఊపిరి శబ్దం కూడా లేదు.

"చూడండి! అదే చెయ్యి!" వెండెల్ కేక పెట్టాడు. "చూస్తున్నారా? అదే ఆడది, అదే చెయ్యి! మళ్ళీ అలాగే నోరు మూయిస్తోంది!"

ఎర్ర గోడ ముందుకు కదిలింది. ఎక్కడి నుంచో రాయి వచ్చి లిండాల్వా కనుబొమ్మ మీద తగిలింది. వెచ్చగా నెత్తురు కంట్లోకి దిగింది. ఆకుపచ్చ జనం ఉలిక్కిపడింది, కానీ చెయ్యి కిందే ఉంది కాబట్టి నోరు తెరవలేదు. ఆ మౌనంలో వెండెల్ గొంతొక్కటే మోగుతోంది. మౌనం వాడికే మేత అవుతోంది. ఇంకో నాలుగు అడుగులు వేస్తే ఎర్రవాళ్ళు స్తంభం దాటుతారు. దాటితే జుకా ఆగడు.

ఆ క్షణంలో ఆమెకు తట్టింది. ఆకుపచ్చవాళ్ళు నోరు మూస్తే ఎర్రవాళ్ళు ఎప్పుడూ నోరు మూయలేదు. ఎందుకు మూస్తారు? అది వాళ్ళ వంతు. వాళ్ళు మూసేది ఒకే ఒక్కప్పుడు.

ఆమె రెండు చేతులూ పైకెత్తింది.

"జుకా! డోలు!"

"ఇప్పుడా?"

"మన వంతు! కొట్టు!"

జుకా నోరు తెరిచి చూశాడు. రెండు చేతులూ ఖాళీగా ఉంటే గాని డోలు మోగదు. సీసా నేల మీద పెట్టాడు. వెనకవాళ్ళూ పెట్టారు. పుల్లలు లేచాయి. మొదటి దెబ్బకు వీధి అదిరింది. వేలమంది ఆకుపచ్చ గొంతులు వలెంచి ప్రవేశం పాట ఎత్తుకున్నాయి.

ఎర్ర జనం ముందు వరస ఆగిపోయింది.

ఆలోచించి ఆగలేదు. ఒళ్ళే ఆపేసింది. తెరిచిన నోళ్ళు మూసుకున్నాయి. రాయి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఎవరో కుర్రాడు ఫోను దీపం వెలిగించబోతే పక్కనున్న ఆవిడ చెయ్యి మీద ఫట్‌మని కొట్టి, "దించరా!" అని గుసగుసలాడింది. జీవితమంతా నేర్చుకున్నది తల నుంచి కాళ్ళదాకా దిగింది. అవతలివాళ్ళ వంతు. నోరు మూసుకో.

పాట పల్లవి ముగిసే చోట లిండాల్వా అరచెయ్యి నొక్కింది. డోళ్ళు ఆగాయి.

ఇప్పుడు రెండు పక్కలా నిశ్శబ్దం. నది గుంజలను రాసుకుంటున్న చప్పుడు మాత్రం.

"కొమాద్రి," అంది లిండాల్వా మెల్లగా.

జెనిల్డా పడవ ముక్కు మీదికొచ్చి నిలబడింది. "నా బిడ్డ బతికే ఉంది," అంది. అరవాల్సిన అవసరం లేకపోయింది. "కాలు విరిగింది. నిద్రపోతోంది. మీరు ఇలా అరిస్తే లేస్తుంది."

వెండెల్ ఒక్కడే కదిలాడు. ఫోను ఆమె వైపు తిప్పాడు. అలవాటు కొద్దీ తెర మీద వస్తున్నది చదివాడు. "దోనా జెనిల్డా, కెమెరా వైపు చూసి చెప్పండి. ఇక్కడ అంటున్నారు... ఈమె అసలు తల్లే కాదట, ఎవర్నో తెచ్చారట..."

"వెండెల్," అంది జెనిల్డా. "నీకు నాలుగేళ్ళప్పుడు మొదటి ఎర్ర చొక్కా కుట్టింది నేను. నీ నడుం కొలత ఇప్పటికీ నోటికొచ్చు. నేను తాయినారా తల్లినో కాదో నువ్వే చెప్పు వాళ్ళకి."

వెండెల్ ఫోను కాస్త దించాడు. తెర మీద అక్షరాలు పైకి పరుగెడుతూనే ఉన్నాయి.

అప్పుడు ఒజీయాస్ నీళ్ళలోకి దిగాడు. లిండాల్వా వద్దని చెయ్యి చాచింది. అతను చూడలేదు. నడుచుకుంటూ పోయి తనవాళ్ళ ముందు, స్తంభానికి ఎర్ర రంగు ఉన్న వైపు నిలబడ్డాడు.

"తాడు కోసిందెవరని వెతుకుతున్నారు. ఎవరూ కోయలా. రెక్క అతుకు నాది. వానలో వేశా, సరిగ్గా చూసుకోలా. కొట్టాలంటే నన్ను కొట్టండి. అవతలివాళ్ళకు దీంతో సంబంధం లేదు."

గుంపులో ఊపిరి పీల్చిన శబ్దం. వెండెల్ మొహం వెలిగింది. ఒక్క క్షణంలో వాడికి కథ దొరికింది. "అంటే... ఆగండాగండి! ఈయన ఆ లిండాల్వా మొగుడే కదా! అంటే మొగుడూ పెళ్ళాం కలిసి..."

చేతికర్ర ఒకటి అతని మోకాలి మీద టప్‌మని పడింది.

"నోరు ముయ్యరా," అంది దోనా ఫ్లోరిపెస్. "అవతలివాళ్ళ వంతు నడుస్తోంది. మార్కులు పోతాయి."

ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకింది. ఆకుపచ్చ వైపు కూడా. రాయి ఎత్తినవాడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో వేసుకున్నాడు. ఒజీయాస్‌ను కొట్టడానికి ఎవరూ రాలేదు. శకటాల పెద్ద మాత్రం దగ్గరకొచ్చి, "వానలో ఎవడన్నా వెల్డింగ్ పెడతాడా, వెధవా?" అని అతని మెడ మీద చెయ్యేసి, అక్కడే ఉంచేశాడు. చిన్నప్పటి నుంచి ఒకరి ఇంట్లో ఒకరు తిన్న మనుషులు. ఫోన్లో కుట్రలా వినపడే మాట, ఆ మనిషి వణుకుతున్న గడ్డం చూస్తూ వింటే తప్పులా మాత్రమే వినపడింది.

జనం ఇళ్ళకు పోతుంటే వెండెల్ లైవులో చూసేవాళ్ళూ పోయారు. కాసేపు ఖాళీ వీధి చూపించాడు. తర్వాత అదీ ఆపేశాడు.

జెనిల్డా పడవలోనే ఆసుపత్రికి తిరిగిపోయింది. దిగేటప్పుడు లిండాల్వా కనుబొమ్మ మీద చొక్కా కొసతో నెత్తురు తుడిచింది. అంతే. క్షమించానని అనలేదు.

ఆ రాత్రి ఆఖరి ఆట. మొదట ఆకుపచ్చవాళ్ళు ఆడారు, తర్వాత ఎర్రవాళ్ళ వంతు. గద్ద శకటం ఒంటి రెక్కతోనే గోదాలోకి వచ్చింది. తాయినారా నిలబడాల్సిన చోట ఎవరినీ నిలబెట్టలేదు. ఈకల కిరీటం ఒక్కటే పెట్టారు.

లిండాల్వా దిమ్మె మీద తన జనం వైపు తిరిగి నిలబడి ఉంది. కనుబొమ్మ మీద పట్టీ. చీకట్లో వేల మొహాలు, నోరు మూసుకుని, ఆమె చెయ్యి వైపే చూస్తూ. ఈ ఏడు మార్కుల్లో వాళ్ళే వెంట్రుకవాసి ముందున్నారు. జడ్జీల బల్ల ఎదురుగానే ఉంది. ముందు వరసలో ఆ ముగ్గురు కుర్రాళ్ళు.

ఆమె వాళ్ళ కళ్ళలోకి చూసింది. రెండు చేతులూ పైకెత్తింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. జుకా కళ్ళు పెద్దవి చేసి, "అక్కా, ఇది వాళ్ళ వంతు!" అని పెదాలతోనే అన్నాడు. ఆమె చేతులు దించలేదు. ఇంకా పైకెత్తింది. ముగ్గురూ లేచారు. తర్వాత వాళ్ళ వెనక వరస. తర్వాత పక్క మొత్తం ఒక్కసారిగా లేచి, గొంతు చించుకుని, అవతలివాళ్ళ శకటానికి, దాని పైన ఖాళీ చోటుకు కేకలు పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని. ఎర్ర జనం బిత్తరపోయి చూసింది. జడ్జీలు వంచిన తలలెత్తకుండా మార్కులు కోస్తూనే ఉన్నారు.

ఆకుపచ్చవాళ్ళు ఓడిపోయారు. జట్టు పెద్దలు మర్నాడే మనిషిని పంపి, వచ్చే ఏడు దిమ్మె మీదికి వేరే మనిషిని చూసుకుంటామని చెప్పించారు. లిండాల్వా సరేనంది.

ఆ కేకల వీడియో ఎక్కడికీ పాకలేదు. ఎవరో కొద్దిమంది తీశారు, పెట్టారు కూడా. పోర్తు అలెగ్రిలో ఎవరూ చూడలేదు. ఊళ్ళో ఎవరూ ఒట్లేమీ పెట్టుకోలేదు కానీ, కుళ్ళిన చేప అంటగట్టిన అంగడి వైపు కాళ్ళు పోనట్టు, ఆ గ్రూపుల వైపు వేళ్ళు పోవడం తగ్గింది. జెనిల్డా ఫోను ఆసుపత్రి కాపలావాడి సొరుగులోనే ఉంది. రెండుసార్లు గుర్తు చేశాడట. "ఉండనీ నాయనా, తొందరేముంది," అందట.

ఆ ఆఖరి ఆట మర్నాడు పొద్దున లిండాల్వా నీళ్ళ గేటు దగ్గర పడవ కట్టి, వేయించిన చేప, కర్రపెండలం రవ్వ పొట్లం కట్టుకుని లోపలికి పోయింది. తాయినారా దిండుకు ఆనుకుని ఉంది. జెనిల్డా మంచం పక్కన కూర్చుని ఏదో ఎర్ర గుడ్డకు పూసలు కుడుతోంది.

"రాత్రి కిటికీలోంచి వినపడింది, జ్ఞానమ్మా," అంది పిల్ల. "మా వంతులో మీ గోల. అమ్మ అంది, వీళ్ళకేం పోయేకాలం, మార్కులన్నీ పోతాయి అని. పోయాయా?"

"పోయాయి."

తాయినారా నవ్వబోయి పక్కటెముకలు పట్టుకుంది. "అబ్బా... నవ్వించకు!"

లిండాల్వా పొట్లం పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది, నిన్న ఆగమన్నట్టే. జెనిల్డా తల ఎత్తలేదు. సూదికి దారం ఎక్కించుకుంటూ, కాలితో పక్క కుర్చీని ఆమె వైపు తోసింది.

"చేప చల్లారిపోతుంది, కొమాద్రి," అంది. "కూర్చో."